అనుమతి లేకుండా కోలుకున్న చేప

రాష్ట్ర గోనెసంచుల ప్రమాణాల సంస్థ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్ళలో కొందరికి కూడా ఆ సంగతి నెలాఖరున మాత్రమే గుర్తొస్తుంది. గోనెసంచి మూతి ఎంత వెడల్పుండాలి, కుట్టుకి ఎన్ని పోగులుండాలి, సంచి మీద ముద్ర కుడివైపు వెయ్యాలా ఎడమవైపు వెయ్యాలా అని తేల్చడం దాని బాధ్యత. రైతులంతా ప్లాస్టిక్ సంచుల్లోకి మారిపోయి పదిహేనేళ్ళు దాటింది. సంస్థ మాత్రం ఎడమా కుడా అన్నది ఇంకా తేల్చలేదు.

విజయనగరంలో ఆ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు కొరుపోలు జగ్గారావు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు, ఒక్క నిబంధన దాటలేదు. రోడ్డు మీద నరమానవుడు లేకపోయినా ఎడమవైపే నడిచేవాడు. సూపరింటెండెంటు ప్రమోషను జాబితాలో ఆ ఏడాది అతని పేరు మొదట ఉంది. భార్య వరహాలు. ఒక్కగానొక్క కూతుర్ని క్రితం మాఘమాసంలో పలాస ఇచ్చి చేశారు. అప్పట్నించీ ఆ ఇంట్లో పగలంతా మాట్లాడేది కుక్కరొక్కటే.

ఆ వేసవిలో సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారు అరకు వైపు ఎక్కడో జరిగిన ఒత్తిడి నివారణ శిబిరానికి వెళ్ళారు. హోటల్లో దిగాక గది తాళం కోసం ఆయన చేపలున్న ఒక గాజుతొట్టి ముందు నలభై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. శిబిరంలో మూడురోజులు చెప్పినవేవీ ఆయనకి గుర్తులేవు గానీ, ఆ నలభై నిమిషాలూ తనకి కోపం రాలేదన్న సంగతి బాగా గుర్తుంది. తిరిగి రాగానే ఉత్తర్వు వెలువడింది.

"ఉద్యోగి గృహమందు ప్రశాంతముగా నున్నచో కార్యాలయమందు ప్రశాంతముగా నుండును. కావున ప్రతి ఉద్యోగి గృహమునందు ఒక గాజుతొట్టియు, అందు ఒక చేపయు నెలకొల్పవలెను. సదరు చేప సంస్థ ఆస్తిగా పరిగణించబడును."

కార్యాలయంలో ప్రశాంతతకి ఎన్నడూ లోటు లేదనీ, మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూస్తే తెలుస్తుందనీ ఎవరో గొణిగారు. ఫైలు మీద మాత్రం ఎవరూ గొణగలేదు.

జగ్గారావు ఆటోలో గాజుతొట్టిని ఒళ్ళో పెట్టుకుని, చేప ఉన్న ప్లాస్టిక్ సంచిని చేత్తో పైకెత్తి పట్టుకుని ఇంటికి చేరాడు. వరహాలు గుమ్మంలోనే ఎదురొచ్చి సంచిలోకి తొంగిచూసింది.

"ఏటండీ ఇది? వండితే ఇద్దరికి చెరో ముక్కయినా రాదు."

"వండకూడదు. ఇది సంస్థ ఆస్తి. మన మనశ్శాంతికిచ్చారు."

"మన మనశ్శాంతికేటయ్యిందట?"

దానికి జవాబు ఉత్తర్వులో వెతికి, దొరక్క, జగ్గారావు తొట్టిని ముందు గదిలో దించాడు.

బొటనవేలంత గోల్డుఫిష్. తోక మాత్రం పెళ్ళికూతురి పైటలా ఉంది. మొదటివారం వరహాలు దాన్ని పట్టించుకోలేదు. రెండోవారం కూరలు తరుగుతూ తొట్టి ముందు కూర్చుంది. మూడోవారానికి దాని పేరు బంగారి అయింది. నెల తిరిగేసరికి ఆ ముందు గదిలో చేపల పులుసు మాట ఎత్తడం నిషిద్ధమైంది. అంతదాకా వండితే వీధి చివరివరకూ ఘుమఘుమలాడేట్టు వండే మనిషి, ఇప్పుడు వీధిలో చేపలమ్మి కేకేస్తే కిటికీ రెక్క మూసేసేది.

ఇంతలో ఆఫీసులో ఒక చిక్కు వచ్చింది. సంస్థ ఆస్తులన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. కంప్యూటర్లో ఉన్న విభాగాలు నాలుగే: బల్లలు, కుర్చీలు, బీరువాలు, ఉద్యోగులు. పరిపాలనాధికారి మల్లాప్రగడ కామేశం గారు ఈ విషయంలో రెండురోజులు ఆలోచించారు. ఆయన ఇంట్లో కూడా మంచినీళ్ళు అనరనీ, తాగునీరు సరఫరా చేయవలసిందిగా భార్యని కోరతారనీ ప్రతీతి.

"సదరు చేప ఊపిరి పీల్చుచున్నదా?" అని అడిగారాయన.

"పీలుస్తోందండి," అన్నాడు జగ్గారావు.

"బల్లలు, కుర్చీలు, బీరువాలు ఊపిరి పీల్చునా?"

"పీల్చవండి."

"అట్లయిన సమస్య యెక్కడిది?"

అలా మిగతా ఇళ్ళ చేపలతోపాటు బంగారి కూడా ఉద్యోగి అయింది. గుర్తింపు సంఖ్య పదకొండువందల నలభైయేడు. ఇంటిపేరు లేకపోతే కంప్యూటరు ముందుకి కదలనందువల్ల కొరుపోలు బంగారి. హోదా, ప్రశాంతతా సహాయకురాలు, గ్రేడు మూడు. విద్యార్హత గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు కాబట్టి ఈత అని రాశారు.

ఉద్యోగి అన్నాక హాజరు ఉండాలి. రోజూ ఉదయం పదింటికి ఫోనులో ముఖం చూపిస్తే పచ్చగుర్తు పడుతుంది. వరహాలు ఫోను తొట్టికి ఆనించి పట్టుకునేది. బంగారి ఈదుకుంటూ వచ్చి, నోరు తెరిచి మూసి, పచ్చగుర్తు వేయించుకుని వెళ్ళిపోయేది. ఆ నెల సంస్థ మొత్తంలో ఒక్కరోజు కూడా ఆలస్యం లేని ఉద్యోగులు ఇద్దరే తేలారు. జగ్గారావు, బంగారి. ఇద్దరి పేర్లూ నోటీసుబోర్డు మీద వేశారు. ఆమె మీకు ఏమవుతారని కొత్తగా వచ్చిన టైపిస్టు అడిగితే జగ్గారావు సహోద్యోగి అన్నాడు.

శ్రావణమాసంలో ఒక సోమవారం పచ్చగుర్తు పడలేదు. 'ముఖం నిటారుగా ఉంచండి' అంది ఫోను. వరహాలు ఫోను కాస్త వంచింది. మళ్ళీ అదే మాట. అప్పుడు చేపని సరిగ్గా చూసింది. బంగారి నీటిమీద పక్కకి ఒరిగిపోయి తేలుతోంది. పొట్ట నిమ్మకాయలా ఉబ్బింది. కిందికి దిగాలని తోక కొట్టుకుంటోంది, రెండంగుళాలు దిగుతోంది, బెండుముక్కలా మళ్ళీ పైకి వచ్చేస్తోంది. మొప్పలు మాత్రం గబగబా ఆడుతున్నాయి.

వరహాలు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె ఆఫీసుకి ఫోన్ చేయడం రెండోసారి. మొదటిసారి కూతురు పుట్టినప్పుడు.

"బంగారి ఒరిగిపోనాదండీ! ఎలగో సూస్తంది. మీరొచ్చీండి!"

జగ్గారావు వెంటనే పర్మిషను లెటరు రాసి కామేశం గారి ముందు నిలబడ్డాడు.

"కారణము?" అన్నారాయన.

"ఇంట్లో చేపకి బాగోలేదండి."

కామేశం గారు కళ్ళజోడు తీశారు. "చేప యని యనరాదు. పదకొండువందల నలభైయేడని యనవలెను. ఆమె స్వయముగా సెలవు దరఖాస్తు పెట్టినదా?"

"ఎలా పెడుతుందండి?"

"పెట్టనిచో అనుమతి లేని గైరుహాజరగును. మొదట ఆమె తరఫున మీరు దరఖాస్తు పెట్టుడు. పిదప మీ పర్మిషను సంగతి చూచెదము."

రెండు దరఖాస్తులూ రాసి జగ్గారావు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే వరహాలు తొట్టిని ఫోనులో ఫోటో తీసుకుని, మూడులాంతర్ల కూడలి దగ్గర గాజుతొట్లు అమ్మే ఖాదర్ వలీ దుకాణానికి వెళ్ళొచ్చింది. ఖాదర్ ముప్పయ్యేళ్ళుగా చేపలతో బతుకుతున్న మనిషి. ఫోటో చూడడం, రోగం చెప్పడం ఒకే ఊపిరిలో జరిగిపోయాయి.

"మేత ఎన్నిసార్లేస్తన్నారమ్మా?"

"మూడుపూట్లా."

"పూటకి ఎంత?"

"చెంచాడు. ఆపీసోళ్ళ కాగితంలో అలగే ఉందట."

ఖాదర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "చెంచాడా! దాని కన్నంత ఉంతాది దాని పొట్ట. రోజూ చిటికెడేస్తే ఎక్కువ. ఏ మహానుభావుడమ్మా ఆ కాగితం రాసింది?"

రాసింది ఒక మహానుభావుడు కాదు, అయిదుగురు. చేప సంరక్షణ కరదీపిక తయారు చెయ్యడానికి సంస్థ ఒక సంఘాన్ని వేసింది. అందులో ఎవరూ ఎన్నడూ చేపని పెంచలేదు. కానీ మనిషికి మూడుపూటలూ తిండి కావాలన్న విషయంలో అయిదుగురూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

"అరగక గాలి పట్టీసింది. అందుకే మునగలేకపోతంది," అన్నాడు ఖాదర్. "మూడురోజులు ఏటీ ఎయ్యకండి. తొట్టిలో మూడోవంతు నీళ్ళు తీసీసి, ఒకరోజు నిలవబెట్టిన నీళ్ళు పొయ్యండి. నాలుగోరోజు ఒక్క బఠానీ ఉడకబెట్టి, తోలు తీసి, మెత్తగా నలిపి నలుసంత పెట్టండి. దెబ్బకి తగ్గిపోద్ది."

వరహాలు ఇదంతా చెప్పి, "బఠానీలు డబ్బాలో ఉన్నాయి. మూడోరోజు రాత్రికి నానబెడతాను," అంది.

జగ్గారావు కరదీపిక తెరిచి పద్నాలుగో నిబంధన చదివి వినిపించాడు. చేపకి సంస్థ గుర్తించిన వైద్యుడు తప్ప అన్యులు చికిత్స చేయరాదు. చేసినచో సంరక్షకునిపై క్రమశిక్షణా చర్య తీసుకోబడును.

"బఠానీకి చర్యేటండీ?"

"బఠానీ అని కాదు వరాలూ. చికిత్స. నా పేరు జాబితాలో మొదట ఉంది. ఈ ఒక్క నెలా..."

"నెలదాకా అదుంతదేటి?"

జగ్గారావు కరదీపిక మూశాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో కుక్కరు కూడా కూత పెట్టలేదు.

మర్నాడు జగ్గారావు చేపని మూత ఉన్న స్టీలు క్యాన్లో పెట్టుకుని సంస్థ గుర్తించిన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఉద్యోగుల వైద్య పత్రాలకి సంతకం పెట్టే డాక్టరు పద్మలోచన. ఎత్తు, బరువు, రక్తపోటు రాసుకునే నర్సు క్యాన్ మూత తీసి, మళ్ళీ మూసి, డాక్టరమ్మ దగ్గరకి నేరుగా పంపేసింది.

పద్మలోచన క్యాన్లోకి చూసి, జగ్గారావుని చూసి, మళ్ళీ క్యాన్లోకి చూసింది. "ఈవిడేనా కొరుపోలు బంగారి?"

"అవునండి."

"నాలుక చూపించమంటే చూపిస్తుందా?" అని, జగ్గారావు మొహం చూసి ఆమె నవ్వు ఆపుకుంది. "చూడండి జగ్గారావు గారూ, నేను మనుషుల డాక్టర్ని. చేప గురించి నాకు తెలిసిందల్లా పులుసు దాకానే. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాళ్ళకి తెలుస్తుంది."

జగ్గారావు ఆ సలహాని ఫైలు మీద కామేశం గారికి సమర్పించాడు. అరగంటలో తిరుగుటపాలో జవాబు వచ్చింది. "పశువైద్యశాలలు పశువులకు ఉద్దేశింపబడినవి. పదకొండువందల నలభైయేడు ఉద్యోగిని. ఉద్యోగినిని పశువైద్యశాలకు పంపుట ఉద్యోగుల ఆత్మగౌరవమునకు భంగము. ఉద్యోగ సంఘములు ఆక్షేపించగలవు. కావున ఈ విషయము వైద్య మండలికి నివేదింపబడుచున్నది. మండలి వచ్చే గురువారం కాక ఆపై గురువారం సమావేశమగును. అందాకా ఉద్యోగిని యథాస్థితిలో ఉంచబడవలెను."

యథాస్థితి అంటే పక్కకి ఒరిగి ఉండడం.

జగ్గారావు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ఇంట్లో వరహాలు తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. పొద్దున్న వండిన అన్నం గిన్నె మూత తియ్యలేదు. అతను చొక్కా విప్పకుండా ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు. బంగారి అతనివైపు ఒక కంటితో చూసింది. రెండో కన్ను నీటిపైకి వచ్చేసి ఎండిపోతున్నట్టుంది. మళ్ళీ కిందికి దిగబోయింది. దిగలేకపోయింది. ఈసారి ప్రయత్నం చిన్నదిగా ఉంది.

"ఏటన్నారు?" అంది వరహాలు, అతనివైపు చూడకుండానే.

"పదహారు రోజులన్నారు."

ఆమె పీట తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. జగ్గారావు కరదీపిక అందుకుని తిరగేశాడు. "పద్నాలుగో నిబంధనలో చికిత్స చేయరాదని ఉంది. మేత ఆపరాదని ఎక్కడా లేదు. నీళ్ళు మార్చరాదని కూడా లేదు. పైగా ఎనిమిదో నిబంధనలో తొట్టి శుభ్రంగా ఉంచవలెనని ఉంది."

వరహాలు తలతిప్పి మొగుణ్ణి చూసింది. కొంగు నడుముకి చుట్టి, బకెట్టు తేవడానికి లేచింది.

మూడురోజులు నిబంధనల ప్రకారమే గడిచాయి. ఆ మూడురోజులూ వరహాలు మేత డబ్బాని తనకి కనిపించకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. బంగారి తొట్టి అంచుకి వచ్చి నోరు తెరిచినప్పుడల్లా ఆమె వంటింట్లోకి పారిపోయేది. నాలుగోరోజు శుక్రవారం. పొద్దున్నే వరహాలు పూలు కొయ్యడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి పొయ్యి దగ్గర జగ్గారావు నిలబడి ఉన్నాడు. చిన్న గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. అందులో ఒకే ఒక్క బఠానీ గింజ కిందికీ పైకీ తిరుగుతోంది.

"నాను సేస్తాను గదండీ," అంది వరహాలు.

"వద్దు. నీ పేరు ఫైల్లో లేదు. నా పేరుంది. చేసింది నేనే అవ్వాలి."

ఉడికిన బఠానీని చల్లార్చి, తోలు తీసి, ఇరవై తొమ్మిదేళ్ళుగా కాగితాలు తిప్పిన చూపుడువేలితో నలిపి, ఆవగింజంత ముద్ద నీటిలోకి వదిలాడు. బంగారి చూసింది. నోట్లోకి తీసుకుంది. ఉమ్మేసింది. చేప మళ్ళీ తీసుకుంది, ఈసారి మింగింది.

జగ్గారావు చొక్కా వేసుకుని, రోజూలాగే పదికి అయిదు నిమిషాలుండగా ఆఫీసుకి చేరి, సాయంత్రం దాకా ఎవరి మొహమూ చూడకుండా పనిచేశాడు. సాయంత్రం ఇంటి సందులోకి తిరగగానే వరహాలు అరుగు మీంచి చెయ్యి ఊపుతోంది. లోపలికి వెళ్ళి చూస్తే బంగారి తొట్టి అడుగున గులకరాళ్ళ మీద నిటారుగా నిలబడి ఉంది. కిందికి వెళ్తోంది, పైకి వస్తోంది, మళ్ళీ కిందికి వెళ్తోంది. తన ఇల్లు తనకి తిరిగి దొరికినట్టు ఒక్కో మూలకీ వెళ్ళి చూసుకుంటోంది. వరహాలు కళ్ళు తుడుచుకుని ఆకలేస్తోందంది.

గురువారం కాక ఆపై గురువారం వైద్య మండలి సమావేశమైంది. బల్లకి అవతల కామేశం గారు, పద్మలోచన. ఇవతల జగ్గారావు, స్టీలు క్యాను. క్యాన్లో నీళ్ళు తొణికినప్పుడల్లా సర్దడానికి సంరక్షకుని వెంట సహాయకులు ఉండవచ్చునన్న నిబంధన కింద వరహాలు కూడా వచ్చింది.

మూత తీశారు. బంగారి లోపల గిరగిరా తిరుగుతోంది. కామేశం గారు చాలాసేపు వంగి చూశారు.

"ఇందు వ్యాధిగ్రస్తురాలు ఎవరు?"

"తగ్గిపోయిందండి," అన్నాడు జగ్గారావు.

"తగ్గిపోయినదా! మండలి సమావేశము కాకముందే?" ఆయన ఫైలు తిరగేశారు. "ఎవరి ఉత్తర్వు మేరకు?"

పద్మలోచన జగ్గారావుకి కళ్ళతోనే సైగ చేసింది. దానంతటదే తగ్గిందని చెప్పేస్తే అయిపోతుందని దాని అర్థం. జగ్గారావుకి అర్థమైంది కూడా. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పడం అలవాటు లేదు.

"నేనే చేశానండి. మూడురోజులు మేత ఆపాను. నాలుగోరోజు ఒక బఠానీ పెట్టాను."

కామేశం గారు కలానికి మూత పెట్టి, ఫైలు మూశారు.

"జగ్గారావు గారూ," అన్నారు కామేశం గారు నిజంగా బాధపడుతూ, "మీయందు మాకు సదభిప్రాయము కలదు. కాని వ్యాధి నయమగుట దోషము కాదు. అనుమతి లేకుండా నయమగుట దోషము. రేపు ప్రతి ఉద్యోగి ఇట్లే ఇంటియందు కోలుకొనినచో ఈ మండలి యెందులకు? మిమ్ము జాబితా నుండి ఒక సంవత్సరము తప్పించక విధిలేదు. పదకొండువందల నలభైయేడును సాలూరు శాఖకు బదిలీ చేయుచున్నాను. అచ్చట ఒక గృహమందు తొట్టి ఖాళీగా నున్నది."

జగ్గారావు తలవంచుకున్నాడు. ప్రమోషను మాట అతనికి పెద్దగా తగల్లేదు. బఠానీ ఉడుకుతున్నప్పుడే అది పోయిందనుకున్నాడు. రెండోమాటకి మాత్రం మొహం పాలిపోయింది.

"బదిలీయా?" వరహాలు లేచి నిలబడింది. ఆఫీసుల్లో మాట్లాడి ఎరగని మనిషి. "బాబూ, నాను సదువుకున్నదాన్ని కాను. ఆయన తప్పు సేసేరన్నారు, శిక్ష ఏసేరు, సరే. ఇదేటి సేసింది? మీ కాగితం ప్రకారం తింది, జబ్బు పడింది. బఠానీ తింది, లేచింది. ఇప్పుడు మళ్ళీ సాలూరు పంపిస్తే ఆళ్ళూ అదే కాగితం సూసి చెంచాడేస్తారు. అక్కడ ఖాదర్ ఉంతాడేటి? ఎంత జీవమండీ అది!"

కామేశం గారు ఇబ్బందిగా కాగితాలు సర్దారు. ఆయనకి మనసు లేక కాదు, ఆ మనసుని ఏ నిబంధన కింద వాడాలో తెలియక.

"కామేశం గారూ," అంది పద్మలోచన నెమ్మదిగా, "మండలిలో వైద్యురాలి అభిప్రాయం ఇంకా నమోదు కాలేదు. రాస్తున్నాను, చూడండి. ఈ ఉద్యోగిని కుర్చీలో కూర్చోలేదు. సంతకం పెట్టలేదు. నీళ్ళలోంచి బయటికి తీస్తే బతకదు. ఇవి ఏ మందుకీ తగ్గేవి కావు. కాబట్టి ఈమె ఉద్యోగానికి శాశ్వతంగా పనికిరాదు."

కామేశం గారు తటపటాయించారు. "మేడం, మొదటి రెండు లక్షణములు మా కార్యాలయమందు మరికొందరియందు కూడా..."

"మూడోది?"

"మూడవది... లేదు."

"అయితే రాసేస్తున్నాను."

ఆయన నిబంధనల పుస్తకం తెరిచారు. వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగారు. మొహంలో వెలుగు వచ్చింది. "అనారోగ్య కారణమున శాశ్వతముగా పనికిరాని ఉద్యోగిని కొలువునుండి విడుదల చేసి కుటుంబమునకు అప్పగించవలెను. చక్కగా నున్నది. ఫైలు కూడా మూతపడును. ఈమె కుటుంబము ఎవరు?"

"నానే బాబూ," అంది వరహాలు.

చూపించినచోట వేలిముద్ర వేసింది. కామేశం గారు కొలువు వదిలి వెళ్ళే ఉద్యోగులందరికీ చెప్పే నాలుగు మాటలూ క్యాను వైపు తిరిగి చెప్పారు. సేవలు చిరస్మరణీయమన్నారు. ఆ చివరిమాట దగ్గర ఆయన గొంతు కూడా కాస్త మెత్తబడిందని జగ్గారావు ఇంటికొచ్చాక భార్యతో అన్నాడు.

అంతటితో అయిపోయిందనుకున్నారు. ఉద్యోగి వెళ్ళిపోతే ఖాళీ ఏర్పడుతుందనీ, ఏర్పడిన ఖాళీని భర్తీ చెయ్యాలనీ వాళ్ళకి తట్టలేదు. ప్రధాన కార్యాలయం ప్రకటన ఇచ్చింది. విద్యార్హత గడిలో పాతదే ఉండిపోయింది. రాతపరీక్ష పెట్టారు, ఆ తర్వాత ఈత పరీక్ష కూడా పెట్టారు.

కార్తీకమాసంలో ఒక బుధవారం ఉదయం పదికి రెండు నిమిషాలుండగా వరహాలు ఇంటి తలుపు ఎవరో తట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన నేతచీర, చేతిలో క్యారేజీ, చంకలో ఫైలు.

"నమస్కారమండి. గజపతినగరం నుంచి వొచ్చేను. నా పేరు సుగుణ. ప్రశాంతతా సహాయకురాలిగా ఏసేరండి." ఉత్తర్వు తీసి చూపించింది. పని చేయు స్థలము, శ్రీ కొరుపోలు జగ్గారావు గారి గృహము, ముందు గది. పని వేళలు పది నుండి అయిదు.

"ఓలమ్మ! సేప ఉద్దోగవా?" అంది వరహాలు.

సుగుణ తల దించుకుంది. "పదకొండేళ్ళు పరీక్షలు రాసేనండి. ఎమ్మే చేసేను. ఏ ఉద్యోగమైనా ఉద్యోగమే గదండి. ఈత కోసం ఈ వయసులో చెరువులో దిగేను." కాస్త ఆగి అడిగింది. "నానెక్కడ కూకోమంటారండి?"

వరహాలు ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. బస్సులో నలిగిన చీర, భయం భయంగా ఉన్న కళ్ళు. పక్కకి తప్పుకుని, "ముందు లోనకి రా. కాఫీ తాగుదువుగాని," అంది.

పదకొండింటికి సుగుణ తొట్టి ముందు పీట మీద కూర్చుంది. ఒంటిగంటకి ఇద్దరూ క్యారేజీ విప్పుకుని పంచుకున్నారు. రెండింటికి మేత ఎంత వెయ్యాలో వరహాలు చిటికెడు తీసి చూపించింది. ఒక గింజ ఎక్కువ పడితే ఏమవుతుందో శ్రావణమాసం నుంచి మొదలుపెట్టి చెప్పింది. చెబుతుంటే నాలుగైంది.

సాయంత్రం ఆరు దాటాక జగ్గారావు ఇంటికొచ్చాడు. సందు మలుపులోనే నవ్వులు వినిపించి, తమ ఇల్లేనా అని నంబరు చూసుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ లోపలికి తొంగిచూశాడు. ఇద్దరాడవాళ్ళూ గాజుకి ముక్కులు ఆనించి కూర్చున్నారు. ఎవరూ అతన్ని చూడలేదు.

"ఆరయిపోనాది గదే. బస్సెళ్ళిపోద్ది, ఎల్లవా?" అంటోంది వరహాలు.

"ఎల్తానండి. బంగారి ఇయ్యాల్టి మేత ఇంకా తిన్లేదు గదా. తిన్నాక ఎల్తాను."

జగ్గారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. తన సర్వీసు మొత్తంలో, అయిదు దాటాక సీటు వదలని ఉద్యోగిని అతను చూడడం అదే మొదటిసారి. చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి, ముగ్గురికీ టీ పెట్టాడు.